ఎలక్ట్రిక్ సైకిల్ హబ్ మోటార్ మొరాయిస్తే: లోపం పట్టడం, బాగు చేయడం

చక్రంలో మోటార్ తిరగడం మానేయగానే చేయి స్క్రూడ్రైవర్ మీదికి పోతుంది. దాన్ని పక్కన పెట్టి మల్టీమీటర్ తీయండి. హబ్ మోటార్ లోపల చెడిపోయేవి నిజానికి తక్కువే: మూడు హాల్ సెన్సార్లు (అయస్కాంతాల స్థానం పసిగట్టేవి), వైండింగ్ (రాగి తీగ చుట్లు), బేరింగులు, గేర్ల మోటారైతే గేర్లు, క్లచ్. బయట చెడేవే ఎక్కువ. యాక్సిల్ దగ్గర నలిగిన కేబుల్, కాలిన కనెక్టర్, షార్టయిన కంట్రోలర్ (బ్యాటరీ కరెంటుని మోటార్‌కి అందించే పెట్టె), వంగిన పిన్ను, వెనక్కి రాకుండా ఇరుక్కుపోయిన బ్రేకు స్విచ్ (బ్రేకు వేస్తే మోటార్‌ని ఆపేది), ఇలా జాబితా చాలానే ఉంటుంది. అందుకే ఈ పనంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: లోపం మోటార్ కనెక్టర్‌కి చక్రం వైపు ఉందా, కంట్రోలర్ వైపు ఉందా? అది తేలేదాకా మూత జోలికి పోవద్దు.

ఇక్కడ చెప్పేదంతా 36, 48 వోల్టుల సైకిళ్లలో వచ్చే బ్రష్‌లెస్ హబ్ మోటార్ల గురించి. వీటికి మూడు లావు వైర్లు ఉంటాయి, అవి ఫేజ్ వైర్లు. మామూలుగా పసుపు, ఆకుపచ్చ, నీలం. సన్నవి అయిదు ఉంటాయి, అవి హాల్ సెన్సార్లవి: ఎరుపు 5 వోల్టుల సరఫరా, నలుపు గ్రౌండ్, మిగిలిన పసుపు, ఆకుపచ్చ, నీలం మూడూ సిగ్నల్ వైర్లు. కొన్నిటికి ఆరో సన్న వైరు ఉంటుంది, ఎక్కువగా తెలుపు. అది వేగం కొలవడానికో, ఉష్ణోగ్రతకో. మోటార్ నడవడానికి దాని అవసరం లేదు.

డైరెక్ట్ డ్రైవ్ మోటారా (లోపల గేర్లు లేనిది), గేర్ల మోటారా అన్నది ముందే తెలుసుకోండి. సైజు పెద్దగా, పళ్లెంలా వెడల్పుగా ఉండి, పవర్ లేకుండా చక్రం ఏ వైపు తిప్పినా సన్నగా పట్టి వదులుతున్నట్టుంటే డైరెక్ట్ డ్రైవ్. చిన్నగా ఉండి, ముందుకి తేలిగ్గా తిరిగి, వెనక్కి తిప్పితే లోపల ఏదో బరువుగా కదిలితే గేర్లది. ఈ తేడా పరీక్షల్లో పదేపదే అక్కరకొస్తుంది. గేర్ల మోటార్‌లో క్లచ్ ఉంటుంది కాబట్టి చక్రం ముందుకి తిప్పితే మోటార్ కదలదు. ఏ పరీక్షకైనా వెనక్కే తిప్పాలి.

మొదలుపెట్టే ముందు

కావలసినవి: డయోడ్ రేంజి ఉన్న మల్టీమీటర్, 5 వోల్టుల ఫోన్ చార్జరు, దానికి కోసి వాడుకునే పాత కేబుల్, యాక్సిల్ నట్లకు స్పానర్ (ఎక్కువ మోటార్లకు 18 మి.మీ., లావు యాక్సిల్‌కు 21 మి.మీ.), ఆలెన్ కీలు, మంచి స్క్రూడ్రైవర్ బిట్లు, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవులు. డైరెక్ట్ డ్రైవ్ విప్పాల్సి వస్తే మూడు కాళ్ల బేరింగ్ పుల్లర్ కూడా.

సైకిల్‌ని తలకిందులు చేయండి, లేదా మోటార్ చక్రం గాల్లో ఉండేలా స్టాండుకి ఎత్తండి. వోల్టేజి కొలిచే పరీక్షలకు తప్ప, వైర్లు ముట్టుకునే ప్రతిసారీ బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి, తాళంతో ఆఫ్ చేస్తే చాలదు. ఊడదీశాక పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి, కంట్రోలర్ లోపలి కెపాసిటర్లలో మిగిలిన చార్జి పోనివ్వండి. ఫుల్ చార్జిలో 48 వోల్టుల బ్యాటరీ (13 సెల్స్ వరుస) 54.6 వోల్టులు ఇస్తుంది. దాన్నుంచి షాక్ కంటే ఉంగరమో, గొలుసో, స్పానరో అడ్డంపడి వచ్చే నిప్పే ప్రమాదం. వేలికున్నవి తీసేయండి.

లక్షణాన్ని బట్టి ఎక్కడ చూడాలి

అసలు కదలిక లేదు, శబ్దమూ లేదు: ముందు బ్రేకు స్విచ్, థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్), బ్యాటరీ. మోటార్ మీద అనుమానం ఆ తర్వాతే.

చక్రం వణుకుతుంది, కిటకిటమంటుంది, చేత్తో కాస్త తోస్తే అందుకుని తిరుగుతుంది, లేదా కొన్ని చోట్ల నుంచే కదులుతుంది: హాల్ సిగ్నల్ ఒకటి పోయింది, లేదా ఒక ఫేజ్ వైరు తెగింది. రెండింటి లక్షణమూ ఒకేలా ఉంటుంది, పరీక్షిస్తే తప్ప తేలదు.

పవర్ లేకపోయినా చక్రం బరువుగా, కుదుపులతో తిరుగుతుంది: ఎక్కడో రెండు ఫేజ్‌లు కలిసిపోయాయి. కేబుల్‌లో కావచ్చు, కరిగిన కనెక్టర్‌లో కావచ్చు, కంట్రోలర్‌లో కావచ్చు.

మోటార్ రయ్యిమని తిరుగుతున్న శబ్దం వస్తుంది, చక్రం మాత్రం నడవదు: గేర్లు అరిగాయి, లేదా క్లచ్ జారుతోంది. ఇది విద్యుత్ సమస్య కాదు, ఆ పరీక్షలన్నీ వదిలేసి నేరుగా మూత విప్పొచ్చు.

వానలో తిరిగాక ఆగింది, రెండ్రోజులు ఎండితే మళ్లీ నడిచింది: నీరు చేరింది. నడుస్తోంది కదా అని వదిలేస్తే తుప్పు తన పని తాను చేసుకుపోతుంది.

మునుపటికంటే ఖాళీ చక్రం వేగం పెరిగింది, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బలం లేదు, మోటార్ త్వరగా వేడెక్కుతోంది: ఎప్పుడో విపరీతంగా కాగి అయస్కాంతాలు బలహీనపడ్డాయి. మామూలు రకం నియోడైమియం అయస్కాంతాలకు 80 డిగ్రీలు దాటితే శక్తి తగ్గే ప్రమాదం మొదలవుతుంది, చల్లారాక పూర్తిగా తిరిగి రాదు. దీనికి ఇంట్లో వైద్యం లేదు.

1. ముందు మోటార్ కానివన్నీ తేల్చేయండి

బ్యాటరీ వోల్టేజిని కంట్రోలర్‌కి వెళ్లే వైరు దగ్గర కొలవండి, బ్యాటరీ మీద కాదు. 36 వోల్టులది నిండుగా ఉంటే 42 దగ్గర, 48ది 54 దగ్గర ఉండాలి. తర్వాత థ్రాటిల్ తిప్పుతూ అదే చోట చూడండి. అంకె ఒక్కసారిగా పడిపోతే లోపం బ్యాటరీది లేదా దాని కనెక్టర్‌ది.

బ్రేకు స్విచ్‌ల వైర్లు రెండూ కంట్రోలర్ దగ్గర ఊడదీసి ప్రయత్నించండి. చక్రం తిరిగిందంటే బ్రేకు లీవరు లోపలి స్విచ్ ఇరుక్కుంది, పని అయిపోయినట్టే. ఈ పరీక్ష గాల్లో ఉన్న చక్రం మీదే చేయండి, స్విచ్ లేకుండా రోడ్డెక్కవద్దు.

థ్రాటిల్‌కి మూడు వైర్లు. ఎరుపు, నలుపుల మధ్య 5 వోల్టుల దరిదాపు ఉండాలి. నలుపుకి, సిగ్నల్ వైరుకి మధ్య తిప్పనప్పుడు 0.8 నుంచి 1.2, పూర్తిగా తిప్పినప్పుడు 3.6 నుంచి 4.2 వోల్టుల దాకా నిదానంగా పెరగాలి. ఎరుపు మీద 5 వోల్టులే లేకపోతే కంగారుపడి కంట్రోలర్ మార్చకండి. ఆ 5 వోల్టులే హాల్ సెన్సార్లకూ వెళ్తాయి. మోటార్ కనెక్టర్ ఊడదీసి మళ్లీ కొలవండి. 5 వోల్టులు తిరిగొస్తే, సరఫరాని కిందికి లాగేస్తున్న షార్టు మోటార్ కేబుల్‌లో ఉంది. థ్రాటిల్ పోయిందని, కంట్రోలర్ పోయిందని కొత్తవి కొనిపించేది చాలాసార్లు ఇదే.

2. కనెక్టర్, యాక్సిల్ దగ్గరి కేబుల్

కనెక్టర్ విప్పి వెలుతుర్లో చూడండి. తొమ్మిది పిన్నుల గుండ్రటి వాటర్‌ప్రూఫ్ కనెక్టర్ అయితే లావు పిన్నులు మూడూ ఫేజ్‌లవి, సన్నవి హాల్‌వి. బాణం గుర్తులు కలపకుండా తిప్పి నొక్కితే సన్న పిన్నులు వంగిపోతాయి. వంగినదాన్ని సూదిముక్కు పటకారుతో ఒక్కసారే సరిచేయండి, రెండోసారి వంచితే విరుగుతుంది. విడివిడి బుల్లెట్ కనెక్టర్లయితే ప్లాస్టిక్ తొడుగు గోధుమరంగుకి తిరిగిందేమో, వైరు క్రింపు దగ్గర వదులైందేమో చూడండి. వదులు జాయింటు వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ ఇంకా వదులవుతుంది.

అసలు చూడాల్సింది యాక్సిల్‌లోంచి కేబుల్ బయటికొచ్చే ఆ సెంటీమీటరు. సైకిల్ ఆ వైపు పడితే బరువంతా దాని మీదే పడుతుంది. యాక్సిల్ నట్టు వదులై ఇరుసు డ్రాపవుట్‌లో (ఫ్రేములో అది కూర్చునే గాడిలో) గిర్రున తిరిగితే కేబుల్ మెలిపడి పదునైన అంచు మీద తెగుతుంది. పై నల్ల తొడుగు చెక్కుచెదరకుండా కనిపించినా నమ్మకండి. వేళ్లతో వంచుతూ తడమండి. ఒకచోట మెత్తగా, ఖాళీగా తగిలితే లోపలి వైర్లు తెగాయి. అనుమానమున్నచోట తొడుగుని బ్లేడుతో పొడవునా చీల్చి చూడండి. ఫేజ్ వైరు ఇన్సులేషన్ కరిగి పక్కనున్న సన్న వైర్లకు అంటుకుపోయి, రాగి ఆకుపచ్చగా మారి కనిపిస్తే ఇక లోపల వెతకక్కర్లేదు. ఫేజ్ వోల్టేజి హాల్ వైర్ల మీదికి దూకితే మూడు సెన్సార్లూ, ఒక్కోసారి కంట్రోలర్ 5 వోల్టుల సరఫరా కూడా ఒక్క క్షణంలో పోతాయి. కేబుల్ ఒక్కటి బాగుచేసి బ్యాటరీ తగిలించేయకుండా సెన్సార్లు కూడా పరీక్షించమనేది అందుకే.

3. ఫేజ్ వైర్లు, వైండింగ్

మోటార్ కనెక్టర్ ఊడదీసి ఉంచండి. ఫేజ్ వైర్లు మూడూ ఒకదానికొకటి తగలకుండా విడదీసి చక్రం తిప్పండి. గేర్లదైతే వెనక్కి. తేలిగ్గా తిరగాలి. ఇంతకుముందు బరువుగా తిరిగిన చక్రం ఇప్పుడు తేలికైతే షార్టు కంట్రోలర్‌లో ఉంది. ఇప్పుడూ బరువుగానే ఉంటే కేబుల్‌లోనో, వైండింగ్‌లోనో ఉంది. మల్టీమీటర్ కూడా అక్కర్లేని ఈ ఒక్క పరీక్ష సగం కేసుల్ని తేల్చేస్తుంది.

తర్వాత ఒక చిన్న వైరు ముక్కతో రెండేసి ఫేజ్‌లు కలిపి చక్రం తిప్పండి: పసుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ-నీలం, నీలం-పసుపు. కలిపిన ప్రతిసారీ చక్రం బిగుసుకోవాలి, మూడింటిలోనూ ఒకే బలంతో. పసుపు-ఆకుపచ్చ కలిపినప్పుడు బిగిసి, నీలం చేరిన రెండు జతల్లోనూ వదులుగానే తిరిగితే నీలం వైరు ఎక్కడో తెగింది. మూడు జతల్లో బలం తేడాగా ఉంటే వైండింగ్‌లో ఎక్కడో కొన్ని చుట్లు ఒకదానికొకటి షార్టయి ఉండొచ్చు.

మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి ఫేజ్‌కి ఫేజ్‌కి మధ్య కొలిస్తే పెద్దగా తెలిసేదేం ఉండదు. అసలు విలువ ఒక ఓమ్‌లో కొద్ది వంతులే, మీటరు వైర్ల నిరోధమే అంతకంటే ఎక్కువ చూపిస్తుంది. కచ్చితంగా కావాలంటే కరెంటు పరిమితి పెట్టుకోగల పవర్ సప్లైతో రెండు ఫేజ్‌ల గుండా 1 ఆంపియర్ పంపి, మోటార్ వైర్ల మీదే మిల్లీవోల్టులు కొలవండి. 150 మిల్లీవోల్టులు వస్తే 0.15 ఓమ్. మూడు జతలూ దాదాపు సమానంగా రావాలి.

మీటరు పనికొచ్చేది ఎర్త్ పరీక్షకి. ప్రతి ఫేజ్ వైరుకి, యాక్సిల్ లోహానికి మధ్య ఎక్కువ ఓమ్స్ రేంజిలో కొలవండి. ఏమీ చూపించకూడదు. అలాగే ప్రతి హాల్ వైరుకి, యాక్సిల్‌కి మధ్య. ప్రతి ఫేజ్‌కి, ప్రతి హాల్ వైరుకి మధ్య. ఎక్కడైనా కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే తేమ ఉంది. దాదాపు సున్నా అయితే ఇన్సులేషన్ తెగింది. ఇది తేలకుండా కొత్త కంట్రోలర్ తగిలించకండి, దాని గతీ పాతదానిలాగే అవుతుంది.

4. హాల్ సెన్సార్లు

బ్యాటరీ తిరిగి తగిలించి, పవర్ ఆన్ చేసి, కంట్రోలర్‌కి కలిపి ఉన్న హాల్ కనెక్టర్ వెనకనుంచి మీటరు మొనలు దూర్చి కొలవాలి. ఫేజ్ వైర్లు విడిగా ఊడదీయగలిగితే ఊడదీయండి, లేకపోతే థ్రాటిల్ ముట్టుకోకండి. ఎరుపు-నలుపు మధ్య 4.3 నుంచి 5 వోల్టులు ఉండాలి. నల్ల మొన నలుపు వైరుమీదే ఉంచి, ఎర్ర మొన పసుపు సిగ్నల్ మీద పెట్టి చక్రం అతి నిదానంగా తిప్పండి. అంకె సున్నాకి, 5కి మధ్య గెంతుతూ ఉండాలి. మధ్యలో 2.5 దగ్గరో, 1 దగ్గరో ఆగకూడదు. ఆకుపచ్చ, నీలంతోనూ ఇలాగే. 46 అయస్కాంతాలున్న డైరెక్ట్ డ్రైవ్ మోటార్‌లో ఒక చుట్టుకి ఒక్కో సెన్సార్ 23 సార్లు పైకి, 23 సార్లు కిందికి మారుతుంది. గేర్ల మోటార్‌లో ఇంకా త్వరగా మారుతుంది కాబట్టి చక్రాన్ని వెంట్రుకవాసి చొప్పున కదపాలి.

ఒక్కోటీ విడిగా మారుతున్నా సరిపోదు. ఒకే స్థానంలో మూడింటినీ రాసుకోండి, 5 ఉంటే 1, లేకపోతే 0. 120 డిగ్రీల అమరికలో (ఇప్పటి మోటార్లు దాదాపు అన్నీ ఇవే) ఆరు కలయికలు వరుసగా వస్తాయి. 000, 111 ఎప్పుడూ రాకూడదు. వస్తే ఒక సెన్సార్ పోయింది, లేదా ఎవరో మారుస్తూ తిరగేసి పెట్టారు.

కంట్రోలర్‌నే అనుమానించాల్సి వస్తే దాన్ని పక్కన పెట్టి మోటార్‌ని ఒంటరిగా పరీక్షించండి. ఫోన్ చార్జరు కేబుల్ కోసి 5 వోల్టులు ఎరుపుకి, గ్రౌండు నలుపుకి ఇవ్వండి. ఈ సెన్సార్లు సొంతంగా 5 వోల్టులు బయటికి పంపవు, సిగ్నల్ వైరుని కిందికి లాగడం మాత్రమే చేస్తాయి. పైకి లాగే రెసిస్టరు కంట్రోలర్‌లో ఉంటుంది. కాబట్టి ఒక్కో సిగ్నల్‌కి, ఎరుపుకి మధ్య 4.7 లేదా 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. అది పెట్టకుండా కొలిచి, మూడు సెన్సార్లూ చచ్చాయని తేల్చేసేవాళ్లు బోలెడుమంది.

మూడింటిలో ఒకటి పోతే, మోటార్ విప్పే ఓపిక లేకపోతే, సెన్సార్ లేకుండా నడిపే సౌకర్యమున్న కంట్రోలర్ పెట్టి హాల్ వైర్లు వదిలేయొచ్చు. ఆగి ఉన్న చోటునుంచి కదిలేటప్పుడు కుదుపు ఉంటుంది, ఎత్తు మీద మొదలుపెట్టడం కష్టం. ముందు తొక్కి వేగం అందుకునే అలవాటున్నవాళ్లకు ఇది చాలు. సరుకు మోసే సైకిల్‌కి మాత్రం పనికిరాదు.

5. కంట్రోలర్

బ్యాటరీ, మోటార్ రెండూ ఊడదీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక మీటరుని డయోడ్ రేంజికి తిప్పండి. ఎర్ర మొన బ్యాటరీ నెగటివ్ వైరు మీద, నల్ల మొన ఒక్కో ఫేజ్ మీద పెట్టండి. మూడింటిలో 0.4 నుంచి 0.6 వోల్టుల మధ్య, ఒకేలా రావాలి. తర్వాత నల్ల మొన బ్యాటరీ పాజిటివ్ మీద, ఎర్ర మొన ఒక్కో ఫేజ్ మీద. మళ్లీ అవే అంకెలు. ఎక్కడైనా సున్నా వచ్చి బీప్ కొడితే ఆ ఫేజ్‌కి చెందిన మాస్‌ఫెట్ (కరెంటుని కలిపి తెంచే స్విచ్) షార్టయింది. ఒక మాస్‌ఫెట్ పోయినప్పుడు దాన్ని నడిపే సర్క్యూట్ కూడా తరచూ దెబ్బతింటుంది. బోర్డు రిపేరులో చేయి తిరిగినవాళ్లయితే తప్ప కంట్రోలర్ మొత్తం మార్చడమే మేలు. కొత్తది కొనేటప్పుడు వోల్టేజి, గరిష్ఠ కరెంటు, డిస్‌ప్లే రకం సరిపోవాలి. డిస్‌ప్లేలు చాలావరకు వేరే కంపెనీ కంట్రోలర్‌తో మాట్లాడవు.

6. మూత విప్పడం

పరీక్షలన్నీ మోటార్ లోపలికే వేలు చూపిస్తే అప్పుడు చక్రం తీయండి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. నాలుక ఉన్న వాషర్ ఏ వైపుకి తిరిగిందో ముఖ్యంగా. బ్రేకు డిస్కు, ఫ్రీవీల్ తీసేయండి. మూతకి, హబ్‌కి అడ్డంగా మార్కరుతో గీత గీయండి, తిరిగి బిగించేటప్పుడు అదే చోట కూర్చోవాలి. మూత స్క్రూలకు లాకింగ్ జిగురు ఉంటుంది, లోహం మెత్తన. బిట్ సరిగ్గా కూర్చోకుండా తిప్పితే తల అరిగిపోతుంది. ముందు హాట్ గన్‌తో స్క్రూ తలను కాస్త వేడి చేసి, ఎదురెదురువి కొంచెం కొంచెం వదులు చేయండి.

గేర్ల మోటార్‌లో మూత తీయగానే మూడు నైలాన్ గేర్లు, మధ్యలో చిన్న గేరు కనిపిస్తాయి. గేర్ల సెట్టు, మోటార్ ముక్క చేత్తో బయటికొస్తాయి, పెద్ద బలం అక్కర్లేదు. డైరెక్ట్ డ్రైవ్ అలా కాదు. అయస్కాంతాల పట్టు చాలా గట్టిది. వైరు వచ్చే వైపు మూత ముందు తీయండి. కేబుల్ జాయింట్లు ఆ వైపే ఉంటాయి కాబట్టి కేబుల్ మార్చడానికి అంతటితో సరిపోవచ్చు. హాల్ సెన్సార్లకు మాత్రం స్టేటర్ (వైండింగ్ ఉన్న మధ్య భాగం) బయటికి రావాలి. పుల్లర్ కాళ్లు మూత అంచుకి తగిలించి, మొన యాక్సిల్ చివర మీద ఉంచి తిప్పండి. మొనకి, యాక్సిల్‌కి మధ్య ఇనుప ముక్క పెట్టండి, కేబుల్ దాని కింద పడకుండా చూసుకోండి. స్టేటర్ సగం బయటికొచ్చాక ఒక్కసారిగా పక్కకి లాక్కుంటుంది, మళ్లీ లోపలికీ దూకుతుంది. వేళ్లు అంచుల మధ్య ఎప్పుడూ పెట్టకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పని చేయకూడదు, దగ్గర నిలబడకూడదు కూడా.

లోపల మొదట వాసన చూడండి, తర్వాత రంగు. వైండింగ్ రాగి ఎర్రగా, వార్నిష్ మెరుస్తూ ఉంటే బాగున్నట్టే. ఒకవైపు చుట్లు నల్లబడి గోకితే పొడిగా రాలితే వైండింగ్ కాలింది. రీవైండింగ్ సాధ్యమే కానీ, ప్రతి పన్ను మీద అదే లావు తీగల కట్ట, అన్నే చుట్లు, అదే దిశలో చుట్టాలి. ఎక్కువ సందర్భాల్లో మోటార్ మార్చడమే దారి.

7. ఏది చెడితే ఏం చేయాలి

హాల్ సెన్సార్లు. ఒకటి పోయినా మూడూ మార్చండి. మిగిలిన రెండూ అదే వేడి తిన్నవి, మళ్లీ విప్పే పని పెట్టుకోవద్దు. కావలసింది లాచింగ్ రకం, ఎస్‌ఎస్41ఎఫ్ లాంటివి. 49ఈ అని రాసి ఉన్నది అచ్చం అలాగే కనిపిస్తుంది, కానీ అది థ్రాటిల్‌లో వాడే లీనియర్ సెన్సార్, ఇక్కడ పనిచేయదు. పాతవి తీసే ముందు మూడింటినీ దగ్గరగా ఫోటో తీయండి. అక్షరాలున్న ముఖం ఏ వైపు ఉందో ఒక్కోదానికీ రాసుకోండి. అక్షరాలు మీ వైపు, కాళ్లు కిందికి ఉంటే ఎడమది సరఫరా, మధ్యది గ్రౌండు, కుడిది సిగ్నల్. పాత జిగురుని సన్న మొనతో గోకి, గాడి శుభ్రం చేసి, కొత్తది స్టేటర్ ఉపరితలానికి పైకి రాకుండా కూర్చోబెట్టండి. అయస్కాంతాలకు, స్టేటర్‌కు మధ్య సందు మిల్లీమీటరు కూడా ఉండదు, కొద్దిగా పొడుచుకొచ్చినా మొదటి చుట్టులోనే తల ఎగిరిపోతుంది. వేడిని తట్టుకునే ఎపాక్సీతో అంటించండి. కాళ్లకు విడివిడిగా స్లీవ్ వేసి, ఒక్కో టంకం మూడు సెకన్లలో ముగించండి. మూత వేయకముందే 5 వోల్టులు ఇచ్చి, ఒక చిన్న అయస్కాంతాన్ని ఒక్కో సెన్సార్ ముందు అటూ ఇటూ తిప్పి చూపించండి. ఒక ధ్రువానికి 0, రెండోదానికి 5 రావాలి.

కేబుల్. యాక్సిల్ రంధ్రం ఇరుకు, లావు ఇన్సులేషన్ పట్టదు. సిలికాన్ తొడుగు వైరు మెత్తగా బాగుంటుంది కానీ యాక్సిల్ అంచుకి ఇట్టే తెగుతుంది. టెఫ్లాన్ ఇన్సులేషన్ వైరు సన్నగా ఉంటుంది, 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కంట్రోలర్ 15 ఆంపియర్ల లోపుదైతే ఫేజ్‌లకు 1.3 చదరపు మి.మీ. వైరు, 20-25 ఆంపియర్లదైతే 2 చదరపు మి.మీ., హాల్ వైర్లకు 0.14 చాలు. పాత వైర్ల చివరలకు కొత్తవి ఒక్కోటి ఒక్కో చోట వచ్చేలా మెట్లుమెట్లుగా అతికి లాగితే రంధ్రంలో ఇరుక్కోకుండా వస్తాయి. కనెక్టర్ టంకం వేసే ముందు మూత, వాషర్లు, నట్టు వరుసగా కేబుల్‌కి ఎక్కించారా అని చూసుకోండి. మర్చిపోతే టంకం మొత్తం మళ్లీ ఊడదీయాలి.

గేర్లు, క్లచ్. పళ్లు లెక్కపెట్టి, బయటి వ్యాసం, మందం, బేరింగ్ రంధ్రం వెర్నియర్‌తో కొలిచి తెప్పించండి. మోటార్ పేరు ఒకటే అయినా పళ్లు తేడా ఉంటాయి. మూడూ ఒకేసారి మార్చాలి. లోపల రాలిన నైలాన్ తునకలన్నీ తుడిచి, ప్లాస్టిక్‌ని తినని సింథటిక్ గ్రీజు పళ్లకు పల్చగా రాయండి. పెట్టె నింపినట్టు గ్రీజు కుక్కితే అది వేడికి కరిగి క్లచ్‌లోకి పోయి జారేలా చేస్తుంది. క్లచ్‌ని చేత్తో పట్టుకుని తిప్పితే ఒక వైపు వదులుగా తిరగాలి, రెండో వైపు బిగుసుకోవాలి. రెండు వైపులా జారితే మార్చండి. రెండు వైపులా బిగిస్తే పవర్ లేకుండా తొక్కేటప్పుడు మోటార్‌ని కూడా మీ కాళ్లే తిప్పుతున్నట్టు.

బేరింగులు. నంబరు పక్కన చెక్కి ఉంటుంది, 6001, 6202 ఇలా. రెండు వైపులా రబ్బరు సీలు ఉన్న 2ఆర్‌ఎస్ రకం తీసుకోండి. కొత్తదాన్ని మూతలోకి నొక్కేటప్పుడు బయటి వలయం మీదే ఒత్తాలి, లోపలి వలయం మీద కొడితే కొత్తదే పాడవుతుంది.

నీరు, తుప్పు. లోపలంతా ఎండబెట్టి, తుప్పు పొడిని గరుకు గుడ్డతో తుడిచి, స్టేటర్‌కి ఎలక్ట్రికల్ వార్నిష్ పల్చగా పూయండి. తుప్పు పట్టిన బేరింగులు ఎలాగూ మార్చాల్సిందే. మూత అంచుకి సిలికాన్ పెడితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది రాగిని తింటుంది. న్యూట్రల్ రకం వాడండి.

8. తిరిగి బిగించడం, పరీక్ష

డైరెక్ట్ డ్రైవ్‌ని మూసేటప్పుడు అయస్కాంతాల మీద ఇనుప రజను లేకుండా టేపు అంటించి లాగేయండి. స్టేటర్‌ని పుల్లర్‌తోనే నిదానంగా దించండి, చేత్తో వదిలితే టంకం వేసిన వైర్లు అంచుకి నలుగుతాయి. మూత స్క్రూలు ఎదురెదురుగా బిగించండి. చక్రం చేత్తో తిప్పి చెవి పెట్టండి, గీసుకుంటున్న శబ్దం ఉంటే విప్పి చూడాల్సిందే.

పాత కంట్రోలర్, పాత వరుసలోనే వైర్లు ఉంటే ఇక కలపడమే. కంట్రోలర్ కొత్తదైతే రంగుకి రంగు కలిపినంత మాత్రాన తిరుగుతుందని హామీ లేదు. నేర్చుకునే వైరు (కలిపితే కంట్రోలర్ సరైన వరుసని తానే కనుక్కునేది) ఉంటే దాన్ని కలిపి మోటార్‌ని తిరగనివ్వండి, సరైన దిశ రాగానే విడదీయండి. లేకపోతే హాల్ వైర్లు కదపకుండా మూడు ఫేజ్‌లనూ ఆరు రకాలుగా మార్చి చూడండి. ప్రతిసారీ థ్రాటిల్ రవ్వంత, రెండు సెకన్లే. ఆరింటిలో ఒకటి మాత్రమే సాఫీగా తిరుగుతుంది. మిగిలినవి వణుకుతాయి, లేదా తిరిగినా గోల చేస్తూ కరెంటు తాగుతాయి. సాఫీగా ఉంది కానీ వెనక్కి తిరుగుతోందంటే రెండు హాల్ సిగ్నల్ వైర్లు అటూ ఇటూ మార్చి మళ్లీ ఆరూ చూడాలి. గేర్ల మోటార్ వెనక్కి తిరిగితే చక్రం కదలదు, లోపల సాఫీ శబ్దం మాత్రమే వస్తుంది. దాన్ని క్లచ్ లోపం అనుకోకండి.

ఖాళీ చక్రం పూర్తి వేగంలో తిరిగేటప్పుడు కరెంటు చూడండి. ఒక ఆంపియర్ అటూ ఇటూ మామూలే. మూడు, నాలుగు దాటితే ఫేజ్ వరుస తప్పు, లేదా ఏదో గీసుకుంటోంది.

చక్రం ఫ్రేములో బిగించేటప్పుడు నాలుక వాషర్ డ్రాపవుట్ గాడిలో కూర్చోవాలి. నట్లు 40 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో బిగించండి, తయారీదారు అంకె ఉంటే అదే పాటించండి. 500 వాట్లు దాటిన మోటార్‌కి, బ్రేకు వేస్తే బ్యాటరీ చార్జి చేసే మోటార్‌కి టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరగకుండా ఫ్రేముకి పట్టి ఉంచే బద్ద) తప్పనిసరి. ముందు చక్రం మోటారై, ఫోర్కు అల్యూమినియందైతే ఎంత చిన్న మోటార్‌కైనా పెట్టాలి. కేబుల్ యాక్సిల్ నుంచి ముందు కిందికి వంగి, ఆ తర్వాత పైకి వెళ్లేలా కట్టండి. అప్పుడు వాననీరు ఆ వంపు దగ్గర జారిపోతుంది, యాక్సిల్ రంధ్రంలోకి పోదు. కొన్ని కిలోమీటర్లు నడిపాక ఆగి నట్లు మళ్లీ ఒకసారి బిగించండి, హబ్ మీద అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. చేయి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే మళ్లీ 3వ అంచె నుంచి మొదలుపెట్టండి.